ఉప్పు వేసేకొద్దీ పలుచబడే లిక్విడ్ సోప్: సమస్య - పరిష్కారం

హైదరాబాద్‌లోని బాలానగర్, చర్లపల్లి, కాటేదాన్ షెడ్లలో హ్యాండ్‌వాష్, షాంపూ, గిన్నెలు తోమే లిక్విడ్ తయారుచేసే చిన్న ఉత్పత్తిదారులకు ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలా భాగం చిక్కదనం దగ్గరే మొదలవుతుంది. బేగంబజారులో తెచ్చిన ఎస్‌ఎల్‌ఈఎస్ (సోడియం లారెత్ సల్ఫేట్) పేస్టును నీటిలో కరిగించి, దానికి తోడుగా కొంత సీఏపీబీ (కోకమిడోప్రొపైల్ బీటైన్) కలిపి, చివర్లో ఉప్పునీళ్లు పోయడం అందరికీ తెలిసిన పద్ధతే. ఆ ఉప్పు లోపల ఏం చేస్తుందో తెలిస్తే కింది సమస్యలన్నింటికీ దారి దొరుకుతుంది.

ఈ రెండూ సర్ఫాక్టెంట్లు, అంటే మురికిని వదిలించే పదార్థాలు. సర్ఫాక్టెంట్ అణువుకు నీటితో కలిసే తల, నీటికి దూరంగా ఉండే తోక ఉంటాయి. నీటిలో వాటి మోతాదు ఒక స్థాయి దాటాక అణువులు తోకలను లోపలికి, తలలను బయటికి పెట్టుకొని మిసెళ్లు అనే గుంపులుగా చేరతాయి. ఎస్‌ఎల్‌ఈఎస్ తలలకు రుణావేశం ఉన్నందువల్ల అవి ఒకదానినొకటి నెట్టుకొని ఎడంగా ఉంటాయి, మిసెల్ గోళంగానే నిలుస్తుంది, ద్రవం నీళ్లలా కదులుతుంది. ఉప్పులోని సోడియం అయాన్లు ఆ నెట్టుడును తగ్గించగానే తలలు దగ్గరపడి, గోళం కడ్డీగా, కడ్డీ పొడవైన పురుగు ఆకారంగా సాగుతుంది. తోక ఘనపరిమాణాన్ని తల ఆక్రమించే వైశాల్యంతోనూ తోక పొడవుతోనూ భాగించగా వచ్చే విలువ 1/3 లోపు ఉంటే గోళాలు, 1/3కూ 1/2కూ మధ్య ఉంటే స్థూపాలు, అది దాటితే పొరలు ఏర్పడతాయని 1976లో ఇజ్రాయెలాష్‌విలీ, మిచెల్, నిన్‌హామ్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. కొద్ది నానోమీటర్ల మందం, వందలాది నానోమీటర్ల పొడవు ఉండే ఈ పురుగు ఆకారపు పోగులు ఉడికిన సేమియాలా ఒకదానిలో ఒకటి చిక్కుకుపోవడమే మనకు కనిపించే చిక్కదనం. అయితే ఇవి నిరంతరం తెగుతూ, మళ్లీ అతుక్కుంటూ ఉంటాయి కాబట్టి, పంపులో పలుచబడిన ద్రవం సీసాలో చేరాక మళ్లీ చిక్కబడుతుంది.

సమస్య: ఉప్పు వేసేకొద్దీ పలుచబడుతోంది

ఎక్కువ బ్యాచ్‌లు పాడయ్యేది ఇక్కడే. ఉప్పు పెరిగేకొద్దీ చిక్కదనం ఒక శిఖరానికి చేరి, ఆ తరువాత పడిపోతుంది. శిఖరం దాటాక పోగులకు కొమ్మలు పుడతాయి. ఆ కొమ్మల కూడళ్లు పోగు వెంట జారగలవు కనుక చిక్కుముడి త్వరగా వదులవుతుంది. ఇంకా ఉప్పు పోస్తే ద్రవం మసకబారి, చివరకు రెండు పొరలుగా విడిపోతుంది. పైగా సీఏపీబీ తన తయారీలోనే మిగిలిన ఉప్పును, సాధారణంగా అయిదు శాతం దరిదాపుల్లో, వెంట తెస్తుందన్న సంగతిని లెక్కలోకి తీసుకునేవారు తక్కువ.

బ్యాచ్ పలుచగా ఉందనగానే ఉప్పు డబ్బా అందుకోవడం మంచి అలవాటు కాదు. ముందుగా రెండు గ్లాసుల్లో చెరో 100 గ్రాముల నమూనా తీసుకొని, ఒకదానిలో కొన్ని చుక్కల ఉప్పునీళ్లు, రెండోదానిలో ఉప్పు వేయని అదే మిశ్రమం కొంత కలిపి, బుడగలు పోయేదాకా ఆగి చూడాలి. మొదటిది చిక్కబడితే ఉప్పు చాలలేదని, రెండోది చిక్కబడితే శిఖరం దాటిందని అర్థం. దాటిన బ్యాచ్‌ను ఉప్పు లేని మిశ్రమం కలిపి వెనక్కి తేవచ్చు. ఇకపై బ్యాచ్‌కు ముందే ఉప్పును 0.5 శాతం చొప్పున పెంచుతూ 3 శాతం దాకా చిన్న నమూనాలు చేసి గ్రాఫు గీసుకొని, శిఖరానికి కాస్త ఇవతలే ఆగడం క్షేమం.

సమస్య: ఎంత ఉప్పు వేసినా మొదటినుంచీ నీళ్లగానే ఉంది

పారదర్శకమైన సీసాను గుండ్రంగా ఒక తిప్పు తిప్పి ఠక్కున ఆపండి. లోపలి బుడగలు ఆగి, ఒక్క క్షణం వెనక్కి లాగినట్టు కదిలితే పొడవైన మిసెళ్లు ఉన్నట్టే. అలా లాగకపోతే సర్ఫాక్టెంటే తక్కువై ఉండవచ్చు. 100 కిలోల బ్యాచ్‌లో 70 శాతం పేస్టు 10 కిలోలు వేస్తే అసలు సరుకు 7 శాతమే. ఆ లోటును ఉప్పు పూడ్చలేదు. పేస్టు గానీ, సీఏపీబీ గానీ పెంచాలి. సిట్రిక్ ఆసిడ్‌తో పీహెచ్‌ను 5.5 దగ్గరికి తెస్తే సీఏపీబీ, ఎస్‌ఎల్‌ఈఎస్‌తో మరింత గట్టిగా జతకడుతుంది. మరీ కిందికి దించితే ఎస్‌ఎల్‌ఈఎస్ నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది.

సమస్య: మధ్యాహ్నం పలుచన, తెల్లవారితే చిక్కన

వేడి పెరిగితే పోగులు పొట్టివవుతాయి, చిక్కదనం వేగంగా పడిపోతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటిన రేకుల షెడ్డులో చూసి ఉప్పు పెంచిన బ్యాచ్ డిసెంబరు ఉదయం పంపులోంచి రాదు. నమూనాను 25 డిగ్రీల నీటిలో ఉంచి, చల్లబడ్డాకే తీర్పు చెప్పాలి.

సమస్య: అదే ఫార్ములా, ఈ నెల కుదరడం లేదు

నీరు మారి ఉంటుంది. మంజీర నీళ్లతో కుదిరిన కొలత వేసవిలో ట్యాంకరు తెచ్చిన బోరు నీళ్లతో కుదరదు, ఎందుకంటే కాల్షియం, మెగ్నీషియం అయాన్లు సోడియం కంటే బలంగా పనిచేసి తక్కువ ఉప్పుకే శిఖరం వచ్చేలా చేస్తాయి. ఆర్‌ఓ నీళ్లు ఉత్తమం. సాఫ్ట్‌నర్ వాడితే అది కాల్షియం స్థానంలో సోడియం పెడుతుందని మరువరాదు.

సమస్య: సెంటు కలపగానే పలుచబడింది

లిమోనీన్ వంటి నూనెలు మిసెల్ గర్భంలో చేరి దాన్ని ఉబ్బించి పోగులను పొట్టి చేస్తాయి. లినలూల్ వంటి ఆల్కహాళ్లు తలల దగ్గర కుదురుకొని చిక్కదనం పెంచే సందర్భాలూ ఉన్నాయి. సెంటులోని ప్రొపిలీన్ గ్లైకాల్ మాత్రం పలుచనే చేస్తుంది. కాబట్టి సెంటు ముందు, ఉప్పు చివర. సెంటు మారితే గ్రాఫు మళ్లీ గీయాలి.

సమస్య: పేస్టు గడ్డలుగా మిగిలిపోతోంది

పేస్టుపై నీళ్లు పోస్తే అది 30 నుంచి 60 శాతం మధ్య గట్టి జెల్ దశలో ఇరుక్కుంటుంది. నీటిలోకే పేస్టును కొద్దికొద్దిగా వేస్తూ నెమ్మదిగా తిప్పాలి. అప్పటికే గడ్డలు కట్టి ఉంటే వేగం పెంచవద్దు, నురగ తప్ప ఫలితం ఉండదు. మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే చాలావరకు వాటంతట అవే కరుగుతాయి.