మా మొండి బాబాయిని అలర్జీకి సిద్ధం చేసిన విధానం

వేరుశనగ పడని మా బాబాయి, ఒంటిమీద దద్దుర్లు లేచినప్పుడల్లా ఒక మాత్ర వేసుకుని సరిపెట్టుకునేవారే గాని, అలర్జీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు తొడలో పొడుచుకునేందుకు వైద్యుడు రాసిచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్నును బీరువాలోంచి బయటికి తీసేవారు కారు. "ఇన్నేళ్లూ ఏం కాలేదు కదా" అన్నది ఆయన వాదన. గతసారి తేలికగా పోయినంత మాత్రాన ఈసారీ అలాగే పోతుందన్న భరోసా లేదు; పైగా ఆయన వేసుకునే యాంటీహిస్టమిన్ (అలర్జీ) మాత్ర దురదను తగ్గిస్తుందే తప్ప, గొంతు వాపునూ పడిపోతున్న రక్తపోటునూ ఆపలేదు. ఈ మాట నేను చెబితే చెవికెక్కలేదు. వైద్యుడి చేత చెప్పించాక కొంత మెత్తబడ్డారు.

అసలు అడ్డంకి సూది భయమని తర్వాత తెలిసింది. మందూ సూదీ లేని శిక్షణ పెన్ను తెప్పించి ఆయన చేతికిచ్చాను. మూత తీసి, తొడ మధ్యభాగంలో బయటివైపున, ప్యాంటు మీదనే, టక్కుమనేదాకా గట్టిగా నొక్కి, సూచనల కాగితంలో చెప్పినన్ని సెకన్లు అలాగే పట్టుకోవడం ఆయనే సాధన చేశారు. "ఇంతేనా?" అని కాస్త చిన్నబుచ్చుకున్నారు కూడా.

ఊపిరాడకపోయినా, గొంతు బిగిసినా, కళ్లు తిరిగినా ముందు ఇంజెక్షన్, వెంటనే అంబులెన్స్‌కు ఫోను, ఆపై కాళ్లు ఎత్తులో ఉంచి పడుకోవడం, ఆయాసంగా ఉంటే కూర్చోవడం, 5 నిమిషాలకు తగ్గకపోతే రెండో పెన్ను అని రాసి, ఆ కాగితాన్ని రెండు పెన్నులతో పాటు ఆయన చేతిసంచిలో పెట్టాం. లక్షణాలు తగ్గినా కొన్ని గంటలకు తిరగబెట్టవచ్చు గనుక ఆసుపత్రికి వెళ్లక తప్పదన్న షరతుకు మాత్రం ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నారు. పెన్నులను ఫ్రిజ్‌లో గాని, ఎండలో నిలిపిన కారులో గాని ఉంచకుండా చూసే పని, గడువు తేదీని ఫోనులో గుర్తుపెట్టే పని పిన్ని తీసుకున్నారు.