సింగిల్ ఫేజ్ కరెంటుతో త్రీ ఫేజ్ లేత్: సమస్యలు - పరిష్కారాలు

సమస్య: స్విచ్ వేస్తే మోటారు గుయ్‌మంటుంది, తిరగదు

ఒక్క ఫేజ్‌తో మోటారులో తిరిగే అయస్కాంత క్షేత్రం పుట్టదు. రోటర్ కదలకుండా కరెంటు మాత్రం మామూలుకన్నా చాలా రెట్లు లాగుతుంది. వెంటనే ఆపేయండి, లేదంటే వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) కాలిపోతుంది. షాఫ్టును చేత్తో తిప్పి స్టార్ట్ చేయమనేవాళ్లుంటారు. వేళ్లు పోతాయి, వినకండి. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని 230 వోల్టుల త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ డ్రైవ్ (మోటారు స్పీడునూ మార్చగల ఎలక్ట్రానిక్ పెట్టె) పెట్టడమే మేలు. కెపాసిటర్లతో మూడో ఫేజ్ పుట్టించే కన్వర్టర్ చవకే గానీ, మోటారు పూర్తి బలం చూపదు.

సమస్య: డ్రైవ్ పెట్టాక ఉత్తినే బాగానే తిరుగుతుంది, టూల్ ఆనగానే నీరసపడుతుంది

నేనూ మొదట్లో రెండు రోజులు డ్రైవ్‌నే తిట్టుకున్నాను. తప్పు మోటారు టెర్మినల్ బాక్సులో ఉంది.

ముందు నేమ్‌ప్లేట్ తుడిచి చదవండి. మోటారులోని మూడు వైండింగ్‌లను కలిపే రెండు పద్ధతులే స్టార్, డెల్టా. డెల్టాకు 230, స్టార్‌కు 400 అని ఉంటే, మోటారు స్టార్‌లో కట్టి ఉండి ఉంటుంది. దానికి డ్రైవ్ నుంచి 230 ఇస్తే ఒక్కో వైండింగ్‌కు అందేది 133 వోల్టులే. టార్క్, అంటే తిప్పే బలం, మూడో వంతుకు పడిపోతుంది.

మెయిన్ ఆపి, డ్రైవ్ మీద రాసినంత సేపు ఆగండి. లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ అంత తొందరగా దిగదు. తర్వాత మూత తీస్తే రెండు వరసల్లో ఆరు బోల్టులు కనిపిస్తాయి. ఒక వరసలో మూడింటినీ అడ్డంగా కలిపిన ఇత్తడి పట్టీలే స్టార్. వాటిని విప్పి, పై బోల్టునూ కింది బోల్టునూ కలుపుతూ మూడు పట్టీలు నిలువుగా బిగిస్తే డెల్టా. నట్లు వదులుగా ఉండకూడదు. నేమ్‌ప్లేట్ మీద ఆంపియర్లు 5.9/3.4 లాగా రెండంకెలు ఉంటే, ఇప్పుడు డ్రైవ్‌లో మోటారు కరెంటుగా పెట్టాల్సింది పెద్దది.

మూడు తీగలే బయటికొస్తే స్టార్ ముడి చాలాసార్లు వైండింగ్ లోపలే ఉంటుంది. దాన్ని తీసి ఆరు కొసలు బయటికి తేవడం రీవైండింగ్ మెకానిక్ పని. డెల్టాకే 400 అని ఉన్న మోటారుకు ఈ చిట్కా పనికిరాదు.

సమస్య: లేత్ స్విచ్ వేసినప్పుడల్లా డ్రైవ్ ట్రిప్ అవుతుంది

డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య పాత స్విచ్ అలాగే ఉంచేసి ఉంటారు. మోటారును నేరుగా డ్రైవ్‌కు కలిపి, ఆ స్విచ్‌ను డ్రైవ్ కంట్రోల్ టెర్మినళ్లకు మార్చండి. మెషీన్ ఎమర్జెన్సీ స్టాప్ పనిచేసేలా కూడా చూడాలి.

సమస్య: ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోతుంది

డ్రైవ్‌లోని ఫిల్టర్ ఎర్త్‌లోకి కొంత కరెంటు వదులుతుంది. డ్రైవ్ తయారీదారు సూచించిన రకం ఆర్‌సీసీబీ వేయించండి. ఎర్త్ మాత్రం పీకేయకండి.

సమస్య: తక్కువ స్పీడులో మోటారు బాగా వేడెక్కుతోంది

మోటారును చల్లబరిచే ఫ్యాన్ షాఫ్టు మీదే ఉంటుంది కాబట్టి అదీ నెమ్మదిస్తుంది. బెల్టు పుల్లీ మార్చి స్పీడు తగ్గించుకోండి.

చక్ (పనిముక్కను పట్టుకుని తిరిగే భాగం) వెనక్కి తిరిగితే మోటారుకు వెళ్లే ఏ రెండు తీగలైనా అటూ ఇటూ మార్చండి, చాలు.