పింఛను అక్కడ, మనం ఇక్కడ: ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా?

అమెరికాలో డాలస్ పక్కన మా అబ్బాయి వాళ్ల కాలనీలో సాయంత్రం నడకకు వచ్చే పెద్దవాళ్లం ఏడెనిమిది మందిమి. ఇద్దరు టీచర్లు, ఒకరు రైల్వే, ఒకరు ఆర్టీసీ. నేను బ్యాంకులో చేసి దిగినవాణ్ణి. మోకాళ్ల నొప్పుల సంగతి అయిపోగానే మాట ఇండియాలో పడే పింఛను మీదికి మళ్లుతుంది, అందరూ నావైపు చూస్తారు. నేను ముందు అడిగేది ఒకటే: డబ్బు అసలు పడలేదా, పడింది కానీ తీయలేకపోతున్నారా, పడినదాంట్లో కోత పెట్టారా? మూడూ మూడు వేర్వేరు జబ్బులు. అన్నిటికీ బ్యాంకు మేనేజరుకే ఫోన్ చేస్తే, సగంసార్లు ఆయన చేతిలో లేని పని గురించి ఆయన్ని తిట్టినవాళ్లమవుతాం.

ఒకటో తారీఖు దాటింది, పింఛను పడలేదు

నూటికి తొంభై సార్లు లైఫ్ సర్టిఫికెట్టే, అంటే మనం బతికే ఉన్నామని ఏటా ఇచ్చే రుజువే, కారణం. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో ఇవ్వాలి. 80 దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే తీసుకుంటారు. ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్యనిధి) పింఛను, అంటే ఈపీఎస్-95 వాళ్లకు నవంబరు లెక్క లేదు, ఏ రోజు ఇస్తే ఆ రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. మా ఆర్టీసీ మిత్రుడు ఈ తేడా తెలియక అందరితో పాటు నవంబరు కోసం కూర్చున్నారు. ఆయన గడువు ఆగస్టులోనే తీరిపోయింది. రాష్ట్ర ప్రభుత్వ పింఛనైతే మీ ట్రెజరీ ప్రకటించిన నెలలే చూసుకోండి, పక్కవాడి గడువు మీది కాదు.

గడువు దాటిందని కంగారు పడకండి. సర్టిఫికెట్ చేరగానే పింఛను మళ్లీ మొదలవుతుంది, ఆగిన నెలల బకాయి కూడా వస్తుంది.

ఇక్కడి నుంచి ఇచ్చే దారులు రెండు. మొదటిది ఫోన్‌లో జీవన్ ప్రమాణ్, అంటే ఆధార్‌తో ఇచ్చే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్. 2014లో వేలిముద్రతో మొదలైంది, 2021 నుంచి ముఖం చూపించినా సరిపోతోంది. మన వయసులో వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి కాబట్టి ముఖమే నయం. కిటికీ ఎదురుగా కూర్చుని, కళ్లజోడు తీసి, రెప్ప వేయమన్నప్పుడు వేయండి. రెండు మూడుసార్లు విఫలమైతే పంతానికి పోకుండా కాగితం దారి పట్టండి.

కాగితం మీద మెజిస్ట్రేట్, నోటరీ, బ్యాంకు అధికారి, భారత దౌత్య అధికారి, వీళ్లలో ఎవరు సంతకం పెట్టినా చెల్లుతుంది. కానీ అమెరికా నోటరీ దగ్గర ఒక చిక్కుంది. ‘ఈయన బతికే ఉన్నారు’ అని ధ్రువీకరించడం తన పని కాదంటాడు. మీరు తన ఎదుట సంతకం పెట్టారన్నంత వరకే రాసిస్తాడు. కొన్ని బ్రాంచీలు దాన్ని ఒప్పుకుంటాయి, కొన్ని తిప్పి పంపుతాయి. అందుకే నేను కాన్సులేట్‌కే పొమ్మంటాను. మా టెక్సాస్ వాళ్లకు అది హ్యూస్టన్‌లో ఉంది. ఫారంలో పీపీవో (పింఛను మంజూరు ఉత్తర్వు) నంబరు, ఖాతా నంబరు, తేదీ, అధికారి హోదాతో కూడిన ముద్ర, నాలుగూ ఉండాలి. ముద్ర సగమే పడితే మళ్లీ వేయించుకోండి, మొహమాటం వద్దు. స్కాన్ చేసి ఈమెయిల్ పెట్టినా అసలు కాగితం కొరియర్‌లో పంపండి, రసీదు దాచండి.

యాప్‌లో ‘సక్సెస్’ అని వచ్చింది, పింఛను మాత్రం ఆగింది

ఇది ఇంకా చిరాకు పెట్టే రకం. జీవన్ ప్రమాణ్ యాప్ ఇచ్చే నంబరు, ప్రమాణ్ ఐడీ, రావడమంటే సర్టిఫికెట్ తయారైందని మాత్రమే అర్థం. మీకు పింఛను ఇచ్చే సంస్థ దాన్ని తీసుకుందని కాదు. ఫారంలో పింఛను మంజూరు చేసేది ఎవరు, చెల్లించేది ఎవరు అని రెండు చోట్ల అడుగుతుంది. అక్కడ పొరపాటు పడితే మీ సర్టిఫికెట్ వేరే ఊరి బస్సెక్కినట్టే. పీపీవో నంబరులో ఒక్క అంకె తప్పినా అంతే. కాబట్టి నాలుగు రోజులాగి స్టేటస్ చూడండి. తిరస్కరించారని ఉంటే, పీపీవో కాగితం పక్కన పెట్టుకుని మళ్లీ చేయండి.

డబ్బు కనిపిస్తోంది, ఓటీపీ రావడం లేదు

మూలం సిమ్ కార్డు. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు, కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేయవచ్చు కూడా. అప్పుడు మీ ఖాతా ఓటీపీలు ముక్కూ ముఖం తెలియని మనిషికి పోతాయి. బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ తెరిపించుకోండి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కు డబ్బు పడదు. రీచార్జ్ తేదీ పిల్లల ఫోన్ క్యాలెండరులో వేయించండి, మన జ్ఞాపకం మీద వదలకండి.

శాశ్వతంగా ఇక్కడ ఉండేవాళ్లు ఖాతాను ఎన్నారోగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియా ఆదాయం వేసుకునే ఖాతాగా, మార్చుకుంటే చాలా బ్యాంకులు అమెరికా నంబరును, ఈమెయిల్‌ను నమోదు చేస్తాయి. అయినా ఇండియా సిమ్ పారేయకండి. ఆధార్ ఓటీపీ విదేశీ నంబరుకు రాదు.

ఓటీపీ గొడవ పడలేక ఏటీఎం కార్డు, పిన్ ఊళ్లో మేనల్లుడి చేతిలో పెట్టినవాళ్లు మా గుంపులోనే ఇద్దరున్నారు. మేనల్లుడు బంగారమే కావచ్చు. కానీ రేపు లెక్క తేడా వస్తే పిన్ ఇచ్చింది మీరే కాబట్టి బ్యాంకు మీ మాట వినదు. అదే పనికి మాండేట్ (ఖాతా నడిపే అధికారపత్రం) గానీ, పవరాఫ్ అటార్నీ గానీ రాసిస్తే ఊళ్లో కరెంటు బిల్లు, ఇంటి పన్ను ఆయనే దర్జాగా కట్టగలడు.

వడ్డీలో మూడో వంతు దాకా కోశారు

దీని గురించే నాకు ఎక్కువ ఫోన్లు వస్తాయి, ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా తప్పు చేస్తారు. గ్రీన్ కార్డు వచ్చి స్థిరపడ్డాక కూడా పాత సేవింగ్స్ ఖాతానే నడుపుతూ, వడ్డీ మీద పన్ను కోయవద్దని చెప్పే ఫారం (పాత నంబరు 15హెచ్) ఏటా పంపుతూ ఉంటారు. ఆ ఫారం ఇండియాలో నివాసముండేవాళ్లకు మాత్రమే. అనిశ్చిత కాలం ఉండే ఉద్దేశంతో విదేశం వెళ్లినవాళ్లు ఖాతాను ఎన్నారోగా మార్చుకోవాలని ఫెమా (విదేశీ మారకపు చట్టం) నిబంధన. ఆరు నెలలు మనవళ్లను చూసి వెళ్లే విజిటర్ వీసావాళ్లకు ఈ బెడద లేదు.

ఎన్నారో అయ్యాక వడ్డీ మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను, దానిపై సెస్సు కలిపి 31.2 శాతం కోస్తారు. అది బ్యాంకు చేసిన అన్యాయం కాదు, చట్టం అంతే. తగ్గించుకునే దారి ఉంది. భారత్, అమెరికాల పన్ను ఒప్పందం ప్రకారం బ్యాంకు వడ్డీ మీద 15 శాతం మించకూడదు. అందుకు అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే నివాస ధ్రువపత్రం, ఫారం 6166, సంపాదించి బ్యాంకుకు ముందే ఇవ్వాలి. కోత అయిపోయాక ఇస్తే ఆ ఏడాదికి రిటర్ను వేసి రీఫండు అడగడమే మిగులుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి ఫారాల నంబర్లు మారాయి. పాత జిరాక్సులు నింపి పంపకుండా బ్యాంకు సైటులో ఉన్నవే వాడండి.

రిటర్ను వేసినా రీఫండు రాకపోతే పాన్ చూడండి. ఆధార్‌తో కలపని పాన్‌లు 2023 జులై నుంచి పనిచేయడం మానేశాయి. ఎన్నారైలకు మినహాయింపు ఉంది, కానీ ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీరింకా ‘రెసిడెంట్’గానే ఉంటే ఆ మినహాయింపు మీకు అందదు. పాస్‌పోర్టు కాపీలతో మీ అసెసింగ్ అధికారికి (మీ పన్ను లెక్కలు చూసే అధికారి) రాస్తే హోదా సరిచేస్తారు.

‘సంతకం కలవలేదు’

ముప్ఫై ఆరేళ్లు జనం సంతకాలు సరిచూసినవాణ్ణి నేను. కిందటేడు నా కేవైసీ (గుర్తింపు, చిరునామా) కాగితాలు ఇదే మాటతో వెనక్కి వచ్చాయి. కోపం వచ్చింది, తర్వాత పాత సంతకం పక్కన పెట్టి చూసుకుంటే బ్యాంకు కుర్రాడు తిప్పి పంపడం సబబే అనిపించింది. చేయి వణుకుతోంది. దీనికి మార్గం ఒకటే: పాస్‌పోర్టు, ఇక్కడి చిరునామా రుజువుతో పాటు ఇప్పటి సంతకాన్ని కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి, బ్యాంకు నమూనా సంతకం మార్పించుకోవడం. వీడియో కేవైసీ చేద్దామంటే కుదరదు, దానికి మనిషి ఇండియాలో ఉండాలి. ఊరెళ్లినప్పుడైతే మీ బ్యాంకు ఏ బ్రాంచిలోనైనా కేవైసీ ఇవ్వచ్చు.

రెండేళ్లు మీరు కదిలించని ఖాతా ‘ఇనాపరేటివ్’, అంటే వాడకంలో లేనిది, అవుతుంది. తెరిపించడానికి రుసుము తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది, అడిగితే ఆ మాట గుర్తుచేయండి.

ఇక్కడికి తెప్పించుకోవాలంటే

ఎన్నారో నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. మన పింఛన్లకు ఆ హద్దు నవ్వు తెప్పిస్తుంది గానీ, ఊళ్లో ఇల్లు అమ్మినవాళ్లకు పనికొస్తుంది. పన్ను కట్టినట్టు ఫారాలు అడుగుతారు, మొత్తాన్ని బట్టి సీఏ సర్టిఫికెట్ కూడా.

అమెరికా వైపు ఒకటుంది. గ్రీన్ కార్డువాళ్లు ఇండియా ఖాతాలన్నీ, డిపాజిట్లతో సహా, కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాల పత్రం, అమెరికా ప్రభుత్వానికి వేయాలి. ఏప్రిల్ 15 గడువు, అడగకుండానే అక్టోబరు 15 వరకు పొడిగింపు. అది పన్ను కాదు, సమాచారం మాత్రమే. వేయకపోతే జరిమానా మాత్రం సమాచారంలా ఉండదు.

పీపీవోలో భార్య పేరు

ఇది ఇంకా సమస్యగా మారని సమస్య. పీపీవో తీసి ఆవిడ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూడండి. ఇంటిపేరు ముందొకచోట, వెనకొకచోట ఉంటే ఫ్యామిలీ పింఛను నెలల తరబడి ఆగుతుంది. ఆవిడ ఒక్కతే ఇక్కడి నుంచి ట్రెజరీకి ఫోన్లు చేసే పరిస్థితి రాకముందే, మీరుండగానే మార్పించండి. పింఛను ఖాతాలో ఆవిడ పేరు లేకపోతే అదీ ఇప్పుడే చేర్పించి, పీపీవో జిరాక్సు ఆవిడ చేతికే ఇవ్వండి.