ఫ్రీమాంట్ రెఫ్యూజ్ విజిటర్ సెంటర్‌లో వాలంటీరుగా చేరాలంటే

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, డంబార్టన్ బ్రిడ్జి టోల్ గేటుకు దగ్గర్లోనే, గుట్ట మీద డాన్ ఎడ్వర్డ్స్ శాన్‌ఫ్రాన్సిస్కో బే నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ విజిటర్ సెంటర్ ఉంది. 1972లో ఏర్పడిన ఈ రెఫ్యూజ్, అంటే వన్యప్రాణుల రక్షిత ప్రాంతం, సుమారు 30,000 ఎకరాలు. ఎక్కువ భాగం చిత్తడి నేలలు, పాత ఉప్పుమడులు. నడిపేది కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన యూఎస్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ కాబట్టి ఇక్కడ వాలంటీరుగా చేరడానికి ఫెడరల్ పద్ధతిలోనే దరఖాస్తు పెట్టుకోవాలి. ఫీజు లేదు.

ముందుగా వాలంటీర్ డాట్ గవ్ వెబ్‌సైటు తెరవండి. లాగిన్ డాట్ గవ్ ఖాతా కావాలి. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ త్వరగా దాటించే గ్లోబల్ ఎంట్రీ కోసం ఇప్పటికే తీసుకుని ఉంటే అదే పనికొస్తుంది. రాష్ట్రం, సంస్థ పేరు పెట్టి వెతికితే అప్పటికి ఖాళీగా ఉన్న పనులు కనిపిస్తాయి. ఏమీ కనిపించకపోతే ఆగిపోకండి, రెఫ్యూజ్ ఆఫీసుకు మెయిల్ చేసి అడగండి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది మీ గురించి రాసే చోట. ‘నాకు ప్రకృతి అంటే ఇష్టం’ అని వదిలేస్తే వాలంటీర్లను చూసుకునే కోఆర్డినేటర్‌కు తెలిసేదేమీ ఉండదు. ‘శనివారాలు పొద్దున మూడు గంటలు రాగలను, ఆరు నెలలు మానను, తెలుగు, హిందీ మాట్లాడతాను’ అని రాయండి. ఫ్రీమాంట్‌లో మనవళ్లతో వచ్చే అమ్మమ్మలకూ తాతయ్యలకూ వాళ్ల భాషలో నాలుగు మాటలు చెప్పే మనిషి డెస్క్ దగ్గర ఉండటం ఎంత మేలో ఆలోచించండి.

పక్షుల పేర్లన్నీ వచ్చి ఉండాలని టెన్షన్ పడొద్దు, అవి పని చేస్తూ నేర్చుకోవచ్చు. ఉదాహరణకు, కాలిబాట పక్కన నేలబారుగా, కణుపులు కణుపులుగా పెరిగే పికిల్‌వీడ్ ఉంటుంది. నీటితో పీల్చిన ఉప్పును కొసల్లో దాచుకుంటుంది. శరదృతువులో ఆ కొసలు ఎర్రబడి రాలిపోతాయి. సుమారు 10 గ్రాముల బరువుండే సాల్ట్ మార్ష్ హార్వెస్ట్ మౌస్ అనే చిట్టెలుక దాక్కునేది అందులోనే. ఈ బే చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు, అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో ఉంది. దారి దిగి ఆ మొక్కల్ని తొక్కొద్దని పిల్లలకు ఓపిగ్గా చెప్పడం వాలంటీరు చేయగల పనుల్లో చాలా విలువైనది.

దరఖాస్తు నచ్చితే కోఆర్డినేటర్ మాట్లాడతారు. కొన్ని పనులకు బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. తర్వాత ఓఎఫ్-301ఏ అనే ఒప్పంద పత్రం మీద సంతకం చేయాలి. చేయబోయే పని వివరం అందులో ఉంటుంది, చదవకుండా సంతకం పెట్టకండి. జీతం ఉండదు కానీ ఒప్పందంలోని పని చేస్తూ గాయపడితే ఫెడరల్ ఉద్యోగుల పరిహార చట్టం వర్తిస్తుంది. రాసి ఉన్న పని దాటి చేయకపోవడం అందుకే ముఖ్యం. వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు.

18 ఏళ్లు నిండని పిల్లలకు తల్లి, తండ్రి లేదా సంరక్షకుల సంతకం తప్పనిసరి. స్కూల్ సర్వీస్ అవర్స్ (స్కూలు అడిగే సేవా గంటలు) కోసమైతే, స్కూలు ఇచ్చే ఫారం మీద ఎవరు సంతకం చేస్తారో మొదటి రోజే అడిగి పెట్టుకోండి.

వీసా మీద ఉన్నవాళ్లు, అంటే హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల భార్య, భర్త, పిల్లలకిచ్చే వీసా) వాళ్లూ, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలూ, ఏ వీసానో కోఆర్డినేటర్‌కు ముందే చెప్పి, సరేనన్నాకే దరఖాస్తు పెట్టండి.

చేసిన గంటలు ఎప్పటికప్పుడు నమోదు చేయించుకోండి. 250 గంటలు పూర్తయితే, ఏడాదిపాటు నేషనల్ పార్కుల ప్రవేశానికి పనికొచ్చే వాలంటీర్ పాస్ ఉచితంగా ఇస్తారు. ఆ గంటలు ఒకే ఏడాదిలో పూర్తవ్వాలని లేదు.