తెలుగు పరిశోధన వ్యాసంలో ఆధారాలు చూపే పద్ధతి: అచ్చు పుస్తకం నుంచి శాసనం దాకా

కన్యాశుల్కం నుంచి ఒక సంభాషణను ఉదాహరించి, దాని కింద పుస్తకం పేరూ పుట సంఖ్యా మాత్రమే వేసిన వ్యాసాలు తరచుగా కనిపిస్తుంటాయి. అయితే ఆ నాటకం 1897లో ఒక రూపంలో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని ఎంతో మార్చి పెంచి తిరగరాసిన రూపంలో మళ్లీ వెలువడింది, ఆ తరువాత అనేక సంస్థలు దాన్ని ప్రచురిస్తూనే ఉన్నాయి. వీటిలో ఏది చూసి రాశారో చెప్పకపోతే పుట సంఖ్య ఉన్నా లేకపోయినా ఒకటే. 1909 నాటి పాఠంలోని మాటను ఉదాహరించి పక్కన 1897 అని వేస్తే అది కేవలం రూపదోషం కాదు. ఆ మాట పన్నెండేళ్లు ముందే ఉందని చెప్పడం అవుతుంది, దాని మీద కట్టిన వాదన కూడా తప్పుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో చెప్పబోయే వివరాలన్నిటికీ మూలమైన నియమం ఒక్కటే: మీరు ఏ ప్రతిని చేతిలో పట్టుకొని చదివారో దాని వివరాలే రాయాలి, అందులో ఆ మాట ఉన్న చోటికి చదువరి నేరుగా చేరగలగాలి.

ఆధారాలు చూపడానికి ఏ శైలి వాడాలన్నది ముందుగా తేల్చుకోవాలి. సాహిత్య విభాగాల్లో ఎక్కువగా ఎమ్‌ఎల్‌ఏ పద్ధతి (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్‌ది; దీని తొమ్మిదవ కూర్పు 2021లో వచ్చింది), భాషాశాస్త్రం, విద్యాశాస్త్రం వంటి విభాగాల్లో ఏపీఏ పద్ధతి (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌ది; ఏడవ కూర్పు, 2019 చివర), చరిత్ర రాసేవారిలో పాదసూచికలతో కూడిన చికాగో పద్ధతి వాడుకలో ఉన్నాయి. ఎమ్‌ఎల్‌ఏలో వాక్యం చివర రచయిత పేరు, పుట సంఖ్య వస్తాయి. ఏపీఏలో పేరు వెంటనే సంవత్సరం వస్తుంది. చికాగోలో వివరమంతా పుట అడుగున ఉంటుంది. మీ విశ్వవిద్యాలయం లేదా పత్రిక ఏది అడిగితే అదే వాడాలి. ఏదీ అడగకపోతే, ప్రాచీన గ్రంథాలూ శాసనాలూ ఎక్కువగా వాడే పరిశోధనకు పాదసూచికలే అనువైనవని నా అభిప్రాయం, ఎందుకంటే అటువంటి ఆధారాల వివరం వాక్యం మధ్య కుండలీకరణాల్లో ఇమడదు. ఈ పద్ధతులన్నీ ఇంగ్లీషు పుస్తకాలను దృష్టిలో పెట్టుకొని పుట్టినవి కనుక, వాటి స్ఫూర్తిని చెడగొట్టకుండా తెలుగు ఆధారాలకు ఎలా అన్వయించాలన్నదే అసలు ప్రశ్న.

మొదటి చిక్కు పేర్ల దగ్గరే వస్తుంది. ఇంగ్లీషు పద్ధతి ప్రకారం ఇంటిపేరును ముందుకు తెచ్చి, కామా పెట్టి, తరువాత వ్యక్తి పేరు రాస్తారు. తెలుగు పేరులో ఇంటిపేరు సహజంగానే ముందు ఉంటుంది కాబట్టి తెలుగు వ్యాసంలో 'గురజాడ అప్పారావు', 'విశ్వనాథ సత్యనారాయణ' అని ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. తిప్పనవసరం లేదు, కామా అక్కరలేదు. 'అప్పారావు, గురజాడ' అని రాస్తే వ్యక్తి పేరు ఇంటిపేరుగా మారిపోయి అకారాది క్రమమంతా చెడుతుంది. కలం పేర్లతోనే ప్రసిద్ధులైనవారిని పుస్తకం మీద ఉన్న పేరుతోనే చూపాలి: శ్రీశ్రీ అనే రాయాలి, శ్రీరంగం శ్రీనివాసరావు అన్న పేరు అవసరమైతే చదరపు కుండలీకరణాల్లో ఇవ్వవచ్చు. ఒకే రచయిత పేరు ఒక పుస్తకం మీద 'చలం' అనీ మరొక దాని మీద 'గుడిపాటి వెంకటచలం' అనీ ఉంటే, రెంటిలో ఒకదాని కిందకే అన్నిటినీ చేర్చి, రెండవ పేరు దగ్గర 'చూ. చలం' అని సూచించాలి. శ్రీ, డాక్టర్, ఆచార్య వంటి గౌరవవాచకాలు వ్యాసంలో మీ ఇష్టం, జాబితాలో మాత్రం రాకూడదు.

పుస్తకానికి సాధారణ రూపం ఇది: రచయిత పేరు. పుస్తకం పేరు వాలు అక్షరాల్లో. కూర్పు. ప్రచురణ స్థలం: ప్రచురణకర్త, సంవత్సరం. ఎమ్‌ఎల్‌ఏ, ఏపీఏ పద్ధతులు ఇప్పుడు ప్రచురణ స్థలాన్ని అడగడం లేదు, అయినా తెలుగు పుస్తకాలకు దాన్ని వదలవద్దని గట్టిగా చెబుతాను. మన పుస్తకాల్లో చాలావరకు రచయితలే వేసుకున్నవి, చిన్న ఊళ్లలో అచ్చయినవి. ఊరి పేరు లేకపోతే అవి ఎక్కడివో ఆనవాలు దొరకదు. రచయితే ప్రచురించిన పుస్తకానికి 'రచయిత ప్రచురణ' అని రాయాలి. ఇక 'ముద్రణ' అన్న మాట దగ్గర జాగ్రత్త అవసరం. మన ప్రచురణకర్తలు పాఠం మారిన కొత్త కూర్పుకూ, పాఠం మారకుండా మళ్లీ అచ్చువేసిన దానికీ 'రెండవ ముద్రణ' అనే మాటే వాడతారు. లోపలి ముందుమాటలు చదివి, పాఠం మారిందని తెలిస్తే 'రెండవ కూర్పు' అనీ, మారలేదని తెలిస్తే 'పునర్ముద్రణ' అనీ మీరే స్పష్టంగా రాయాలి. తొలి ప్రచురణ సంవత్సరం వాదనకు ముఖ్యమైతే దాన్ని కూడా ఇవ్వాలి, కానీ చేతిలోని ప్రతి సంవత్సరానికి బదులుగా కాదు, దానితో పాటు.

పీఠికలను ఉదాహరించేటప్పుడు రచయిత ఎవరన్నది మరచిపోతుంటారు. మహాప్రస్థానానికి 'యోగ్యతాపత్రం' రాసింది చలం. ఆ మాటలను ఉదాహరిస్తే ఆధారం చలం పేరు కింద ఉండాలి, తరువాత ఆ పీఠిక పేరు, ఆ పైన శ్రీశ్రీ పుస్తకం వివరాలు రావాలి. పాత పుస్తకాల్లో పీఠిక పుటలకు వేరే సంఖ్యలు ఉండవచ్చు. ఉంటే వాటినే వేసి, 'పీఠిక పుట' అని విడిగా చెప్పాలి. అనువాదాలదీ ఇదే దారి: మూలరచయిత పేరు ముందు, గ్రంథం పేరు తరువాత 'అను.' అని అనువాదకుడి పేరు. అనువాదకుడి మాటకూర్పునే చర్చిస్తున్నట్లయితే మాత్రం ఆయన పేరే ముందుకు రావచ్చు.

సంక్షేపాల గురించి ఒక మాట. తెలుగులో 'సం.' అన్న పొట్టి రూపం సంవత్సరానికీ, సంపుటానికీ, సంపాదకుడికీ, సంఖ్యకూ కూడా వాడుతున్నాం. ఒకే పాదసూచికలో ఇవి రెండు మూడు కలిసినప్పుడు చదువరి ఊహించుకోవలసి వస్తుంది. 'సంపా.', 'సంపు.', 'సంచి.' అని వేరుచేయడం, సంవత్సరానికి అంకె మాత్రమే వేయడం మేలు. వరుసగా అదే ఆధారం వస్తే 'పైదే, పు.' అని రాయవచ్చు, కానీ వ్యాసం దిద్దేటప్పుడు మధ్యలో కొత్త సూచిక చేరితే 'పైదే' అన్నది వేరే పుస్తకానికి అంటుకుంటుంది. అందుకని చివరి ప్రతి సిద్ధమయ్యే వరకు రచయిత పేరూ పొట్టి శీర్షికా రాస్తూ ఉండడం క్షేమం.

పద్యకావ్యాలకు పుట సంఖ్య కంటే లోపలి విభాగమే నమ్మదగిన గుర్తు. భారతానికి పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్య. భాగవతానికి స్కంధం, పద్య సంఖ్య. ప్రబంధాలకు ఆశ్వాసం, పద్య సంఖ్య ఇవ్వాలి. 'ఆది. 2-15' అంటే ఆదిపర్వం, రెండవ ఆశ్వాసం, పదిహేనవ పద్యమని తెలుగు చదివినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. అయితే పరిష్కర్తలు కొన్ని పద్యాలను ప్రక్షిప్తాలని, అంటే తరువాతివారు చేర్చినవని తీసివేయడం వల్ల, వచనాలను లెక్కించే తీరు మారడం వల్ల ఈ సంఖ్యలు కూర్పు కూర్పుకూ తేడా పడుతుంటాయి. కాబట్టి మొదటిసారి ఉదాహరించినప్పుడే ఏ పరిష్కరణను అనుసరిస్తున్నారో ఒక పాదసూచికలో చెప్పి, ఆపైన సంఖ్యలు మాత్రమే ఇస్తూ పోవాలి. భారతం విషయంలో కర్త పేరును కూడా చూసి రాయాలి: ఆది, సభా పర్వాలు నన్నయవి, అరణ్యపర్వం కొంత నన్నయది, మిగిలింది ఎర్రనది, విరాటపర్వం నుంచి తిక్కనది. అరణ్యపర్వ పద్యానికి చూడకుండా నన్నయ పేరు వేయడం తరచు జరిగే పొరపాటు.

పత్రికా వ్యాసానికి రచయిత, వ్యాసం పేరు ఉద్ధరణ చిహ్నాల్లో, పత్రిక పేరు వాలు అక్షరాల్లో, సంపుటం, సంచిక, నెల, సంవత్సరం, పుటలు ఇవ్వాలి. 1924లో మొదలైన 'భారతి' వంటి మాసపత్రికలకు సంపుటం, సంచికతో పాటు నెల కూడా వేస్తే, గ్రంథాలయంలో బైండు చేసిన కట్టలో వెతికేవారికి శ్రమ తప్పుతుంది. దినపత్రికకు తేదీ తప్పనిసరి, ఏ ఊరి ప్రచురణో కూడా ఉండాలి, ఎందుకంటే జిల్లా పుటలు ఊరినిబట్టి మారతాయి. పాత పుస్తకాల మీద, పత్రికల మీద సంవత్సరం పేరు మాత్రమే ఉన్నప్పుడు ఓపికగా లెక్క కట్టాలి. అరవై ఏళ్లకు అదే పేరు తిరిగి వస్తుంది: క్రోధి 1964లోనూ వచ్చింది, 2024లోనూ వచ్చింది. పైగా తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలై రెండు ఇంగ్లీషు సంవత్సరాల్లోకి విస్తరిస్తుంది. ఆ పాత క్రోధి పుష్యమాసంలో అచ్చయిన సంచిక 1964ది కాదు, 1965 జనవరి ప్రాంతానిది. పుస్తకం మీద ఉన్నదాన్ని ముందు రాసి, మీరు కట్టిన సంవత్సరాన్ని చదరపు కుండలీకరణాల్లో ఇవ్వడం నిజాయితీగల పద్ధతి: 'క్రోధి పుష్యం [1965]'. ఇంగ్లీషు సంవత్సరం కోసం శకవర్షానికి 78 కలిపినా ఇదే జాగ్రత్త కావాలి, సంవత్సరం చివరి నెలలకు 79 కలపవలసి వస్తుంది.

శాసనాలకు పుట కంటే శాసన సంఖ్యే ప్రధానం. 'సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్' పదవ సంపుటం తెలుగు శాసనాలది. దాన్ని వాడితే సంపుటం, శాసన సంఖ్య, అవసరమైతే పంక్తుల సంఖ్య ఇవ్వాలి. శాసనం దొరికిన ఊరు, రాజు పేరు, కాలం వ్యాసంలోనే రావాలి. తొలి తెలుగు శాసనాల్లో ఒకటైన కలమళ్ల శాసనం వంటి దాన్ని చర్చించేటప్పుడు 'ఎపిగ్రాఫియా ఇండికా' 27వ సంపుటంలోని పాఠాన్ని చూశారా, తరువాతి ఎవరి పుస్తకంలోనో అచ్చయిన పాఠాన్ని చూశారా అన్నది దాచకూడదు, అక్షరం అక్షరం మీద వాదం నడిచే చోట అది చాలా ముఖ్యం. మూలాన్ని చూడకుండా మరొకరి పుస్తకం నుంచి తీసుకున్నప్పుడు మూలం వివరం రాసి, 'ఫలానా గ్రంథంలో ఉదాహృతం' అని ఆ రెండవ పుస్తకం వివరాలు ఇవ్వాలి.

తాళపత్ర ప్రతులకు భాండాగారం పేరు, ఊరు, ప్రతి సంఖ్య, ఆకు సంఖ్య, ముందువైపో వెనుకవైపో ఇస్తే సరిపోతుంది. ఆకుకు రెండు వైపులుంటాయి కనుక పుట అని రాయకండి.

నిఘంటువులకు పుట కన్నా ఆరోపం మేలు: ఏ పదం కింద చూశారో ఆ పదాన్ని ఉద్ధరణ చిహ్నాల్లో ఇవ్వాలి. బ్రౌన్ నిఘంటువు విషయంలో ఒక పొరపాటు బాగా వ్యాపించింది. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది, కానీ చికాగో విశ్వవిద్యాలయం వారి వెబ్‌సైటులో చాలామంది వెతికేది 1903 నాటి సవరించిన కూర్పు. ఆ సవరణలో కందుకూరి వీరేశలింగం కూడా పాల్గొన్నారు. అందులో చూసిన అర్థాన్ని '1852 నాటికే ఉంది' అనడం సరికాదు.

అంతర్జాలంలో దొరికే స్కాన్ ప్రతులు మన పరిశోధనకు పెద్ద ఆసరా. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి. వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో వంకరటింకరగా పడి ఉంటాయి, రచయిత పేరు కూడా కొన్నిచోట్ల తప్పు. అక్కడి శీర్షికను నకలు చేయకుండా ముఖపత్రం తెరిచి, దాని మీద ఉన్నదే రాయాలి. తెర మీద కనిపించే పుట సంఖ్య ఫైలుది, పుస్తకానిది కాదు; అట్టలూ పీఠికా కలిసి పది ఇరవై పుటల తేడా రావచ్చు కనుక పుట తలమీదో అడుగునో అచ్చయిన అంకెనే వేయాలి. చివర వెబ్ చిరునామా ఇస్తే మీరు చూసినది ఏ ప్రతో తెలుస్తుంది. మామూలు వెబ్ పుటలకు రచయిత, శీర్షిక, సైటు పేరు, ప్రచురించిన తేదీ, చిరునామా ఇచ్చి, మారే అవకాశం ఉన్న పుట అయితే చూసిన తేదీ కూడా చేర్చాలి. డీఓఐ (వ్యాసానికి శాశ్వతంగా ఇచ్చే డిజిటల్ గుర్తింపు) ఉంటే చిరునామాకు బదులు అదే ఇవ్వడం మంచిది.

సినిమాను దర్శకుడి పేరుతోనో చిత్రం పేరుతోనో మొదలుపెట్టవచ్చు: మాయాబజార్. దర్శ. కె.వి. రెడ్డి. విజయా ప్రొడక్షన్స్, 1957. పాటను చర్చిస్తే రచయిత పేరు ముందుకు వస్తుంది.

సిద్ధాంత గ్రంథానికి పరిశోధకుడి పేరు, శీర్షిక, పీహెచ్‌డీయో ఎంఫిలో, విభాగం, విశ్వవిద్యాలయం, సంవత్సరం రాసి, అచ్చుకానిదైతే 'అముద్రితం' అని చెప్పాలి. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను అంతర్జాలంలో ఉంచే శోధగంగలో చూసినట్లయితే ఆ చిరునామా ఇవ్వాలి. క్షేత్రపర్యటనలో విన్న పాట, కథ, మాటల విషయంలో పద్ధతుల మధ్య నిజమైన తేడా ఉంది. మీరు స్వయంగా చేసిన ఇంటర్వ్యూను ఎమ్‌ఎల్‌ఏ జాబితాలో చేరుస్తుంది. ఏపీఏ దాన్ని వ్యక్తిగత సంభాషణగా భావించి వ్యాసంలో మాత్రమే చూపమంటుంది. ఏ పద్ధతైనా తేదీ, ఊరు, ప్రదర్శనో సంభాషణో అన్న వివరం ఉండాలి, పేరు చెప్పడానికి ఆ వ్యక్తి ఒప్పుకున్నారో లేదో ముందే అడగాలి. ఒప్పుకోనివారిని వయసు, వృత్తి వంటి సాధారణ వివరంతో చూపితే చాలు. ఒప్పుకున్న కళాకారుల పేరు మాత్రం తప్పక రాయండి. వారు పాడినదాన్ని 'జానపదుల నుంచి సేకరణ' అని ఒక్క మాటలో తేల్చడం అన్యాయం.

ఈ శ్రమకు ఇప్పుడు నియమాల బలం కూడా ఉంది. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రచనలతో పోలిక పది శాతం దాటితే సవరించి మళ్లీ సమర్పించాలి, అరవై దాటితే నమోదే రద్దవుతుంది. సరిగా ఆధారం చూపిన ఉల్లేఖనాలనూ గ్రంథసూచినీ ఆ లెక్కలో చేర్చరు.

ఆధారాలను నమోదు చేసి జాబితా తయారుచేసే జొటెరో వంటి ఉచిత సాధనం వాడితే సగం పని తేలికవుతుంది. తెలుగు పేర్లను నమోదు చేసేటప్పుడు పేరును రెండు గడుల్లో విడగొట్టకుండా ఒకే గడిలో రాసే వీలు అందులో ఉంది. అలా రాస్తే పేరు తిరగబడదు. జాబితా తయారయ్యాక తెలుగు ఆధారాలను, ఇంగ్లీషు ఆధారాలను విడివిడిగా అకారాది క్రమంలో పెట్టి, 'పు.', 'సంపా.' వంటివి ఇంగ్లీషులో పడ్డాయేమో ఒకటొకటిగా చూసి చేత్తో సరిదిద్దాలి. ఆ తరువాత వ్యాసాన్ని మొదటి నుంచి చదువుతూ, ప్రతి సూచిక దగ్గరా ఆగి, ఆ పుస్తకం తీసి, ఆ పుట తెరిచి, మాట అక్కడ ఉందో లేదో చూడాలి.