.32 పిస్టల్ మధ్యలో ఆగిపోతుంటే ముందుగా చూడవలసింది మ్యాగజైన్‌లోనే ఉంది

కావలి నుంచి ఒంగోలు దాకా ఎవరి దగ్గరైనా లైసెన్సుతో చిన్న పిస్టల్ ఉందంటే అది దాదాపుగా .32 రకమే (తూటా వ్యాసాన్ని అంగుళాల్లో చెప్పే పేరు) అయి ఉంటుంది, ఎందుకంటే 9 మిల్లీమీటర్ల పిస్టల్ మన దేశంలో సామాన్య పౌరులకు నిషిద్ధ శ్రేణిలోకి వస్తుంది. కాల్పుల సాధన చేసే రేంజిలో రెండు మూడు తూటాలు చక్కగా పేల్చి నాలుగోదానికి ఈ పిస్టల్ మొరాయించిందంటే, దాని యజమాని వెంటనే స్ప్రింగు మార్చమంటాడు, లోపల సానపట్టమంటాడు, ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టినట్లు చివరకు పిస్టల్‌నే అమ్మేస్తానంటాడు. ఆయుధాల మరమ్మతు బల్ల దగ్గర చాలా ఏళ్లు గడిపినవాడిగా నేను మొదట అడిగేది ఒక్కటే: ఆగిపోయినప్పుడు తూటాలు నింపే మ్యాగజైన్ బయటికి తీసి పై తూటాను బొటనవేలితో నొక్కి చూశారా? చూశామని చెప్పినవారు నాకు ఇంతవరకు బహు తక్కువగా కనిపించారు.

మ్యాగజైన్ తీయడం, గొట్టం వెనక తూటా కూర్చునే చాంబర్ ఖాళీ అయిందని కంటితో నిర్ధారించుకోవడం, గొట్టాన్ని గురి వైపే ఉంచడం మీకు వచ్చుననే భావిస్తున్నాను. తూటాలు పేల్చి చూడవలసిన పరీక్షలన్నీ అనుమతి ఉన్న రేంజిలోనే జరగాలి. రొయ్యల చెరువు గట్టు మీద గాలిలోకి కాల్చి చూడడం పరీక్ష అనిపించుకోదు. 2019లో ఆయుధాల చట్టానికి జరిగిన సవరణ ప్రకారం, ఇతరులకు అపాయం కలిగేలా నిర్లక్ష్యంగానో సంబరం కోసమో కాల్చినవారికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

ఏ లక్షణం కనిపించినా మొదటి పని మ్యాగజైన్ల అడుగున రంగుతో 1, 2 అని అంకెలు వేయడం. ఆగిన ప్రతిసారీ ఏ అంకె మ్యాగజైన్ లోపల ఉందో కాగితం మీద రాసుకోండి. ఆటంకాలన్నీ ఒకే అంకె దగ్గర పోగైతే పిస్టల్‌ను విప్పవలసిన అవసరమే లేదు, పై తూటాను పట్టి ఉంచే పెదవులు వంగిన లేదా స్ప్రింగు నీరసించిన ఆ మ్యాగజైన్‌ను పక్కన పెట్టి కొత్తది తెచ్చుకుంటే సరిపోతుంది. రెండు నిమిషాలు కూడా పట్టని ఈ పనిని వదిలేసి, ఖాళీ తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ మీద పడేవారిని చూసి చూసి విసిగిపోయాను.

లక్షణం: ఖాళీ తొడుగు పూర్తిగా బయటపడక, పిస్టల్ పైన ముందువెనకలకు జారే స్లైడ్ సందులో నిట్టనిలువుగా ఇరుక్కుంటుంది. చిన్న .32 పిస్టళ్లలో ఎక్కువ వాటికి గొట్టం కదలదు. తూటా పేలిన ధాటికి స్లైడ్ ఒక్కటే, తన బరువునూ స్ప్రింగు బలాన్నీ దాటుకొని వెనక్కి రావాలి. కాల్చేవారి మణికట్టు వదులుగా ఉంటే పిస్టల్ మొత్తం స్లైడ్‌తోపాటే వెనక్కి జరుగుతుంది, కనుక స్లైడ్ నడవవలసిన దూరం పూర్తిగా నడవదు. అదే పిస్టల్‌ను, అదే మ్యాగజైన్‌తో, పట్టు గట్టిగా ఉన్న మరొకరి చేత కాల్పించండి. వారి చేతిలో ఆగకపోతే మరమ్మతు అవసరమైనది పిస్టల్‌కు కాదు.

లక్షణం: స్లైడ్ చివరి ఒకటి రెండు మిల్లీమీటర్లు మూసుకోదు. దీనికి కారణం నూటికి తొంభై పాళ్లు మడ్డి. కొబ్బరినూనె పూసి ఆరు నెలలు బీరువాలో పెట్టిన పిస్టల్ లోపల జిగురు తప్ప నూనె మిగలదు. పాత జిడ్డంతా తుడిచి, చాంబర్‌ను బ్రష్‌తో శుభ్రం చేసి, తుపాకీ నూనెను పలుచటి పొరగా మాత్రమే రాయండి.

లక్షణం: ట్రిగ్గర్ నొక్కితే టక్కుమన్న చప్పుడు వస్తుంది గాని తూటా పేలదు. గొట్టాన్ని గురి వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే తూటా ఉండవచ్చు. తరువాత తీసి చూసినప్పుడు చాంబర్ ఖాళీగా ఉంటే కింద చెప్పబోయే సమస్యకు వెళ్లండి. తూటా ఉండి, దాని అడుగున మందుకు నిప్పు అంటించే ప్రైమర్ మీద లోతైన గుంట పడి ఉంటే ఆ తూటా పాతబడిందని అర్థం; గుంట పైపైన మాత్రమే ఉంటే ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ దారిలో నూనె పేరుకొని ఉంటుంది. మన తీరం గాలికి తోలు సంచిలో ఏళ్ల తరబడి ఉంచిన తూటాల ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది. లైసెన్సు పరిమితి దాటి కొనలేమన్న భయంతో వాటిని దాచుకోవడం నాకు అర్థమవుతుంది గాని, వాటిని ఇంటి రక్షణకు నమ్ముకోవడం మాత్రం అర్థం కాదు.

ఇక నన్ను నిజంగా ముప్పుతిప్పలు పెట్టిన సమస్య. లక్షణం రెండు రూపాల్లో కనిపిస్తుంది. స్లైడ్ సగంలో ఆగిపోయి, తదుపరి తూటా ముక్కు కిందికి వాలి మ్యాగజైన్‌లోనే బిగుసుకొని ఉంటుంది. లేదా తూటా పైకి లేవకపోవడం వల్ల స్లైడ్ దాని మీదుగా జారిపోయి ఖాళీ చాంబర్ మీద మూసుకుంటుంది. మ్యాగజైన్ తీసి పై తూటాను నొక్కితే స్ప్రింగు మీద ఉన్నట్లు మెత్తగా దిగి తిరిగి లేవవలసినది, రాయిలా కదలకుండా ఉంటుంది.

కారణం ఆ తూటా పుట్టుకలోనే ఉంది. జాన్ బ్రౌనింగ్ 1899లో రూపొందించిన ఈ తూటాకు అడుగున చిన్న అంచు ఉంటుంది. ఆ అంచు వ్యాసం సుమారు 9.1 మిల్లీమీటర్లు, దాని పైన ఉన్న ఒళ్లు సుమారు 8.6. అంటే చుట్టూ పావు మిల్లీమీటరు మాత్రమే బయటికి పొడుచుకు వస్తుంది, కంటికి దాదాపు ఆనదు. మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి కూర్చున్నప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. అది వెనక్కి పడిందా, స్లైడ్ ముందుకు నెట్టినప్పుడు పై అంచు కింది అంచును తగులుకొని కొక్కెం వేసినట్లు ఆగిపోతుంది. దీన్నే రిమ్‌లాక్ అంటారు.

కొత్తపట్నం వైపు నుంచి ఒక పెద్దాయన ఇదే ఫిర్యాదుతో నా దగ్గరికి మూడుసార్లు వచ్చారు. మొదటిసారి మ్యాగజైన్ స్ప్రింగు మార్చాను, రెండోసారి తూటా ఎక్కే వాలును మెరుగు పెట్టాను. రెండుసార్లూ నా చేతిలో ఒక్కసారి కూడా ఆగలేదు, ఆయన ఊరికి వెళ్లి మళ్లీ రేంజికి వెళ్లగానే ఆగింది. "నీ దగ్గర బుద్ధిగా ఉండి నా దగ్గరే వేషాలు వేస్తోందయ్యా" అన్నారాయన. తప్పు నాదే. ఆయన తెచ్చిన మ్యాగజైన్‌ను ప్రతిసారీ మొదట ఖాళీ చేసి, అలవాటు ప్రకారం తూటాలను వెనక గోడకు ఆనించి నేనే తిరిగి నింపుతున్నాను, అంటే జబ్బును నా చేతులతోనే తుడిచేసి ఆ తరువాత జబ్బు కోసం వెతుకుతున్నాను. మూడోసారి ఆయన నింపినది నింపినట్లే పక్కనున్న రంధ్రాల్లోంచి చూస్తే, రెండో తూటా కాస్త ముందుకు జరిగి ఉంది, పై తూటా అంచు దాని వెనక దిగబడి ఉంది. ఆయన కదులుతున్న జీపులో కూర్చొని, సగం ఖర్చయిన మ్యాగజైన్ మీదనే కొత్త తూటాలు నొక్కేవారు.

దీనికి తోడయ్యేది తూటా పొడవు. .32 తూటా మొత్తం పొడవు గరిష్ఠంగా 25 మిల్లీమీటర్లు, మ్యాగజైన్ లోతు దానికి తగినట్లే ఉంటుంది. ముక్కు పొట్టిగా ఉన్న రకం వాడినా, వేర్వేరు పెట్టెల తూటాలు కలిపి నింపినా, ముందు ఖాళీ మిగిలి తూటాలు ముందువెనకలకు ఊగుతాయి. కాల్చినప్పటి అదురుకో, గుంతల రోడ్డు మీది కుదుపుకో అంచులు తారుమారవుతాయి. అందుకే సరిగ్గా నింపిన మ్యాగజైన్ కూడా కారులో నెల రోజులు తిరిగాక పట్టేయవచ్చు.

పరిష్కారం ఖర్చులేనిది, అందుకే కాబోలు ఎవరూ నమ్మరు. మ్యాగజైన్‌ను పూర్తిగా ఖాళీ చేసి మొదటినుంచి నింపండి, సగం నిండినదాని మీద పోయవద్దు. ప్రతి తూటా పెట్టాక దానిని వెనక గోడకు ఆనేదాకా నెట్టి, ఆ తరువాతే రెండోది పెట్టండి. పూర్తి సంఖ్యకు ఒకటి తక్కువగా నింపి, మ్యాగజైన్ వీపును అరచేతిలో రెండుసార్లు తట్టి, పై తూటాను నొక్కి చూడండి. తట్టడం నివారణకు మాత్రమే పనికి వస్తుంది, ఒకసారి కొక్కెం పడ్డాక ఎంత తట్టినా విడిపోదు. పడినదాన్ని విడిపించాలంటే పిస్టల్‌లోంచి తీసిన మ్యాగజైన్‌లో, సన్నని వెదురు పుల్లతో కింది తూటా ఒంటిని అణచి పట్టి పైదాన్ని జార్చాలి. స్క్రూడ్రైవర్ దూర్చితే పెదవులు వంగి రెండో రోగం మొదలవుతుంది. ప్రైమర్ జోలికి అసలే పోవద్దు.

ఇంటి రక్షణ కోసం .32 పిస్టల్‌ను అంచనా వేసేవారు ఇక్కడ ఒక సంగతి లెక్కలోకి తీసుకోవాలి. మామూలు ఆటంకాలకు మ్యాగజైన్ అడుగున చరిచి స్లైడ్ లాగడం నేర్పుతారు, కాని రిమ్‌లాక్‌కు ఆ విద్య పారదు, రెండో మ్యాగజైన్ ఒక్కటే దారి. కాబట్టి ఒకే మ్యాగజైన్‌తో వచ్చే పిస్టల్ ఎంత చవకైనా నేను సిఫారసు చేయను. ఇంకొక లైసెన్సుదారు దగ్గర పాతది కొనేటప్పుడు కూడా, మీరు ఇంట్లో ఉంచబోయే రకం తూటాలతోనే, ఒక్కో మ్యాగజైన్‌ను మూడేసిసార్లు నింపి ఆటంకం లేకుండా కాల్చాకే మాట ఖాయం చేసుకోండి.

విరిగిన ఎక్స్‌ట్రాక్టర్, పగిలిన పిన్, అలసిన స్లైడ్ స్ప్రింగు ఉండవని అనను, అరుదు. అవి లైసెన్సు ఉన్న మరమ్మతుదారు పని, మీరు ఆకురాయి పట్టవలసిన పని కాదు. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించిన ఆయుధం 2024లో మార్చి నుంచి జూన్ దాకా విడిపించుకోలేనివారు చాలామంది ఉన్నారు; అలా తిరిగి వచ్చినదాని తుప్పు సంగతి రేంజికి వెళ్లకముందే చూసుకోవాలి. అప్పగించేటప్పుడు తోలు ఒరలో కాకుండా నూనె గుడ్డలో చుట్టి ఇస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

మరమ్మతుదారు దగ్గరికి వెళ్లక తప్పకపోతే పిస్టల్ ఒక్కటే పట్టుకొని వెళ్లవద్దు. లైసెన్సుతోపాటు రెండు మ్యాగజైన్లూ, ఆగిపోయిన పెట్టెలోని తూటాలూ తీసుకెళ్లండి. పట్టేసిన మ్యాగజైన్‌ను పిస్టల్ నుంచి వేరు చేసి, లోపలి తూటాలను మాత్రం కదిలించకుండా, ఉన్నది ఉన్నట్లే ఆయన చేతిలో పెట్టండి.