చైనా, జపాన్ టీలు: రుచి చూడటం ఎలా, కొనడం ఎలా?

సెంచా అనే జపాన్ గ్రీన్ టీ మంచి పొట్లం ఇంటికి వచ్చిన రోజున చాలా చోట్ల జరిగేది ఒకటే. స్టవ్ మీద నీళ్ళు తెర్లుతుంటాయి. అందులో చెంచాడు ఆకు పడుతుంది, ఐదు నిమిషాలు మరుగుతుంది. కప్పులోకి దిగేది వేపాకు కషాయం లాంటి చేదు. ఆ పొట్లం పైఅరకు చేరి మళ్ళీ కిందికి రాదు. నిజానికి ఆకులో లోపమేమీ లేదు. పాలు, పంచదార, అల్లం పడే అస్సాం టీ పొడికి మరిగించడమే సరైన పద్ధతి. జపాన్‌లోని షిజువోకాలో ఆవిరి పట్టి ఆరబెట్టిన లేత ఆకును అదే మంట చంపేస్తుంది.

నేను పట్టుబట్టే క్రమం ఇది: ముందు ఆకు, తరువాత నీరు, అన్నిటికన్నా చివర టీపాట్. కొత్తవారు తరచూ దీన్ని తలకిందులు చేస్తారు. చూడముచ్చటైన మట్టి టీపాట్‌కు వేలు పోసి, అందులో వేయడానికి దొరికిన ఆకేదో తెచ్చుకుంటారు. చైనాలో పేరెన్నికగన్న లాంగ్‌జింగ్ టీని దాని సొంత ఊరు హాంగ్‌జౌలో మామూలు గాజు గ్లాసులోనే తాగుతారు.

మూడు ఆకులతో మొదలుపెట్టండి

గ్రీన్ టీ, ఊలాంగ్, బ్లాక్ టీ అన్నీ ఒకే మొక్కవి. కోసిన తరువాత ఆకును ఏమి చేశారన్నదే తేడా. తరిగిన వంకాయ ముక్క గాలికి నల్లబడినట్టే నలిగిన టీ ఆకు కూడా నల్లబడుతుంది. ఆ మార్పును వెంటనే వేడితో ఆపితే గ్రీన్ టీ, నడుమలో ఆపితే ఊలాంగ్, పూర్తిగా సాగనిస్తే బ్లాక్ టీ. దీన్నే చైనావారు ఎర్ర టీ అంటారు. కప్పులో రంగు చూస్తే ఆ పేరే సబబు అనిపిస్తుంది.

ఆ వేడి తగిలించే తీరులోనే చైనా, జపాన్ విడిపోయాయి. చైనాలో గ్రీన్ టీని ఎక్కువగా వేడి మూకుడులో వేయిస్తారు. జపాన్‌లో ఎక్కువగా ఆవిరి పట్టిస్తారు. ఆవిరి పట్టిన ఆకును నలుపుతూ ఆరబెట్టే పద్ధతికి క్యోటో దగ్గరి ఉజితవారలో 1738లో నాగతాని సోయెన్ రూపమిచ్చాడని చెబుతారు. నేటి సెంచాకు మూలం అదే. అందుకే లాంగ్‌జింగ్‌లో దోరగా వేయించిన పెసరపప్పు కమ్మదనం ఉంటుంది. సెంచాలో అప్పుడే ఉడికిన లేత పాలకూర పచ్చిదనం, వెనకాల కాస్త సముద్రపు వాసన ఉంటాయి.

మొదట లాంగ్‌జింగ్, తియెగ్వాన్‌యిన్ ఊలాంగ్, సెంచా తెచ్చుకోండి. ఒక్కోటి 25 గ్రాములు, మహా అయితే 50. పచ్చి వాసన పడనివారు సెంచా బదులు హోజిచా తీసుకోవచ్చు. అది వేయించిన జపాన్ టీ. కెఫీన్ కూడా తక్కువే కాబట్టి సాయంత్రం తాగినా నిద్రకు పెద్దగా ఇబ్బంది ఉండదు.

నీటి సంగతి చూసుకోండి

ఖనిజాలు ఎక్కువగా ఉన్న బోరు నీటిలో ఈ టీలు మూగబోతాయి. కప్పు మీద పలచని తెట్టు తేలితే నీరు కఠినమైనదని అర్థం. జపాన్‌లో చాలా ప్రాంతాల నీరు మృదువైనది, సెంచా రుచి ఆ నీటిలోనే కుదురుకుంది. కాబట్టి ఖనిజాలు తక్కువగా ఉన్న నీరు వాడండి.

వేడి అంతకన్నా ముఖ్యం. థర్మామీటర్ లేకపోయినా ఫరవాలేదు. ఎనిమిదో శతాబ్దంలో చైనాలో టీ గురించి మొట్టమొదట సమగ్రంగా రాసిన లూ యూ, నీరు కాగే దశలను కంటితోనే గుర్తించాడు: మొదట చేప కళ్ళలాంటి బుడగలు, తరువాత అంచుల వెంట ముత్యాల సరాలు, ఆపై ఎగసిపడే అలలు. జపాన్ ఇళ్ళలో మరో ఉపాయం ఉంది. మరిగిన నీటిని ఒక పాత్రలోంచి మరో చల్లని పాత్రలోకి ఒంపిన ప్రతిసారీ సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది. మూడుసార్లు ఒంపితే దాదాపు 70 డిగ్రీలు, సెంచాకు సరిగ్గా కావలసినంత. మన ఎండాకాలంలో గిన్నెలే వెచ్చగా ఉంటాయి కాబట్టి నాలుగోసారి కూడా ఒంపండి.

ఒక్కో ఆకుకు దాని పద్ధతి

లాంగ్‌జింగ్ అన్నిటికన్నా సులువు. 200 మిల్లీలీటర్ల గ్లాసులో 3 గ్రాముల ఆకు వేసి, 80 డిగ్రీల నీరు మూడో వంతు పోసి గ్లాసును మెల్లగా తిప్పండి. వాసన చూడండి. తరువాత మిగతా నీరు పోయండి. బల్లపరుపుగా ఉన్న ఆకులు ఒక్కొక్కటే విచ్చుకుని నిటారుగా నిలబడి కిందికి దిగుతాయి. రెండు మూడు నిమిషాలకు తాగడం మొదలుపెట్టి, మూడో వంతు మిగిలి ఉండగానే మళ్ళీ నీరు పోయండి. ఇలా రెండు మూడుసార్లు.

తియెగ్వాన్‌యిన్‌కు గైవాన్ కావాలి. గైవాన్ అంటే మూత, గిన్నె, సాసరు కలిసిన పింగాణీ పాత్ర. ఈ వ్యాసంలో మిమ్మల్ని తప్పకుండా కొనమని చెప్పే వస్తువు ఇదొక్కటే. తెల్లనిది, పలుచనిది, 100 నుంచి 120 మిల్లీలీటర్లు పట్టేది, అంచు బయటికి వంగినది తీసుకోండి. అంచు వంగి ఉంటే వేళ్ళు కాలవు. పింగాణీ ఏ రుచినీ పీల్చుకోదు, ఏ రుచినీ చేర్చదు. ఆకులో ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. కొన్న ఆకు మంచిదో కాదో తేల్చుకోవడానికి ఇంతకు మించిన సాక్షి లేదు.

ముందు మరిగే నీటితో గైవాన్‌ను వేడి చేసి ఒంపేయండి. 6 గ్రాముల ఆకు వేసి మూత పెట్టి ఒకసారి ఊపి, మూత తీసి వాసన పీల్చండి. మరిగే నీరు పోసి వెంటనే పారబోయండి. ఉండలుగా చుట్టిన ఆకు మేల్కొనడానికే ఈ కడుగు. తరువాత మళ్ళీ మరిగే నీరు పోసి, 15 సెకన్లకు మూతను కొంచెం ఓరగా జరిపి, చుక్క మిగలకుండా మరో పాత్రలోకి ఒంపండి. ఆ పాత్ర నుంచి చిన్న కప్పులలోకి పోస్తే అందరికీ ఒకే చిక్కదనం అందుతుంది. ప్రతిసారీ ఐదు, పది సెకన్లు పెంచుకుంటూ వెళ్తే ఆరేడు విడతలు వస్తాయి. మొదటి విడతలో పూల వాసన, మూడో విడతలో నిండుదనం, చివర్లో ఒట్టి తీపి. మింగిన తరువాత గొంతులోంచి తిరిగి వచ్చే తీపిని చైనావారు హుయిగాన్ అంటారు. ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగినవారికి దాన్ని వేరే వివరించనక్కర్లేదు.

తియెగ్వాన్‌యిన్ ఆకు చైనాలో ఫూజియెన్ రాష్ట్రంలోని అన్‌షీది. టీకి దక్షిణ ఫూజియెన్ తీరపు మాట ‘తె’. అదే డచ్చి వర్తకుల ఓడలెక్కి ‘టీ’ అయింది. ‘చా’ అనే మాట పారశీకం మీదుగా ‘చాయ్’ అయింది. ఆంధ్రలో టీ అని, తెలంగాణలో చాయ్ అని పిలిచేటప్పుడు మనం రెండు చైనా ఉచ్చారణలను పలుకుతున్నాం.

సెంచాకు తొందర పనికిరాదు. మూత ఉన్న పాత్రలో ఇద్దరికి 5 గ్రాముల ఆకు, 150 నుంచి 180 మిల్లీలీటర్ల నీరు, 70 డిగ్రీలు, ఒక నిమిషం. మధ్యలో కదపకండి. కప్పులలో కొంచెం కొంచెంగా అటు ఇటు మార్చి పోయాలి. చివరి చుక్క వరకూ వంచాలి, చిక్కని రుచి ఆ చుక్కల్లోనే ఉంటుంది. ఒంపిన తరువాత మూత కాస్త తీసి ఉంచండి, లేకపోతే లోపలి వేడికి ఆకు ఉడికిపోతుంది. రెండో విడతకు నీరు కొంచెం వేడిగా, సమయం 10 నుంచి 15 సెకన్లే.

సెంచా చేయి కుదిరాక గ్యోకురో అనే మరో జపాన్ గ్రీన్ టీ ప్రయత్నించండి. కోతకు ముందు సుమారు 20 రోజులు చెట్లకు నీడ కప్పుతారు. దానివల్ల వగరు తగ్గి, మాంసపు పులుసులో ఉండేలాంటి నిండు రుచి పెరుగుతుంది. 50, 60 డిగ్రీల నీరు ఆకు మునిగేంతే పోసి, రెండు నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా తాగాలి. తాగాక మెత్తబడిన ఆకును సోయా సాస్ చుక్కలతో తినేస్తారు కూడా. మాచా అదే విధంగా నీడన పెంచిన ఆకును తిరగలిలో విసిరిన పొడి. 2 గ్రాములు జల్లించి, 70 మిల్లీలీటర్ల 80 డిగ్రీల నీటితో, వెదురు చిలుకుడు పుల్లతో నురగ వచ్చేలా గిలక్కొట్టాలి.

చిక్కని టీ లేనిదే తృప్తి ఉండనివారు చైనాలోని యున్నాన్ రాష్ట్రపు పులియబెట్టిన పుయర్ టీ రుచి చూడండి. 1970ల్లో ఆ రాష్ట్ర రాజధాని కున్‌మింగ్‌లో స్థిరపడిన పద్ధతి అది. మరిగే నీరు పోసినా చేదెక్కదు. తొలకరి పడిన నేల వాసన, డికాషన్ రంగు.

కొనేటప్పుడు ఏమి అడగాలి

నాలుగు ప్రశ్నలు: ఏ ఊరిది, ఏ సంవత్సరం ఏ కోతది, ఏ రకం మొక్కది, ఎలా తయారుచేశారు. మంచి అమ్మకందారు ఇవి అడగకముందే పొట్లం మీద రాస్తాడు. ‘ఉత్తమ చైనా గ్రీన్ టీ’ అని మాత్రమే రాసిన బంగారు రంగు డబ్బాకు నేను దూరంగా ఉంటాను. అక్కడ డబ్బు డబ్బాకే పోతుంది.

కోత కాలం గ్రీన్ టీకి ప్రాణం. ఏప్రిల్ 4, 5 తేదీల్లో వచ్చే చింగ్‌మింగ్ పండుగకు ముందు కోసిన లాంగ్‌జింగ్ అతి ఖరీదైనది. ఆ తరువాతి రెండు వారాల కోత ధర తగ్గుతుంది, రుచిలో బలం కూడా ఉంటుంది. మొదటిసారి కొనేవారికి నేను దాన్నే సూచిస్తాను. జపాన్ కొత్త కోత మే నెల మొదట్లో ఊపందుకుంటుంది. మిరుమిట్లు గొలిపే పచ్చరంగు చూసి లాంగ్‌జింగ్ కొనకండి. మంచి ఆకులో పచ్చదనంతోపాటు లేత పసుపు ఛాయ కలిసి ఉంటుంది.

కొన్ని మాటలు వినగానే చేయి వెనక్కి తీసుకోవాలి. చైనాలో ఊయీ కొండల్లోని ‘దా హోంగ్ పావ్’ అనే ఊలాంగ్ మూల వృక్షాల ఆకు అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ ఆరు చెట్ల నుంచి 2006 నుంచి కోత ఆపేశారు. అదే పేరుతో అమ్మే టీ ఆ ప్రాంతపు ఆకుల కలయిక. అందులో చాలా మంచివీ ఉన్నాయి. ‘వేయేళ్ళ చెట్టు పుయర్’ చౌకగా దొరకదు. మాచా మీద రాసే ‘సెరిమోనియల్ గ్రేడ్’కు జపాన్‌లో అధికారిక ప్రమాణమేదీ లేదు. దాని బదులు ఊరి పేరు, కోత, రంగు, పొడి ఎంత మెత్తగా ఉందో చూడండి.

భారతదేశంలోకి టీ దిగుమతిపై సుంకం భారీగా ఉంటుంది. విదేశీ అంగడి నుంచి తెప్పించుకునే ముందు అది కలిపి లెక్క వేసుకోండి. సింగపూర్‌లోనో, అమెరికాలోనో ఉన్న బంధువులు వస్తుంటే, ఊరు, కోత పేర్లు రాసిచ్చి 50 గ్రాముల పొట్లం అడగండి. లేకపోతే అభిమానంతో పెద్ద కానుక పెట్టె మోసుకొస్తారు.

తెచ్చిన ఆకును పోపుల డబ్బాకు, ఇంగువకు ఆమడ దూరంలో ఉంచాలి. టీ ఆకు వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది. గాలి చొరని, వెలుతురు తగలని డబ్బా కావాలి. సెంచా తెరిచాక నెలా నెలన్నరలో తాగేయండి. ఫ్రిజ్‌లో పెట్టిన పొట్లం పూర్తిగా గది వేడికి వచ్చాకే విప్పాలి, లేకపోతే తేమ పట్టేస్తుంది.

టీపాట్ చివరికి

కొన్ని నెలలు తాగాక ఏ ఆకు మీద మనసు నిలిచిందో తెలుస్తుంది. దానికే టీపాట్ కొనండి. సెంచా అయితే పక్కన పిడి ఉండే క్యూసు. జపాన్‌లో ఐచి రాష్ట్రంలోని తొకోనామే ఊరు ఎర్రమట్టి క్యూసులకు పేరు. ఎక్కువ సేపు ఆవిరి పట్టిన సెంచాలో ఆకు నలిగి పొడిపొడిగా ఉంటుంది, కాబట్టి లోపలి జల్లెడ సన్నగా ఉందో లేదో చూసుకోండి. ఎడమచేతివాటం వారు పిడి రెండో వైపు ఉన్నది అడగాలి, మామూలుగా దొరికేది కుడిచేతివారిది.

ఊలాంగ్, పుయర్‌లకు చైనాలోని జియాంగ్‌సు రాష్ట్రపు యిషింగ్ మట్టి టీపాట్. మెరుగు పూయని ఆ మట్టి టీ వాసనను కొద్దిగా పట్టి ఉంచుతుంది, అందుకే ఒక పాట్‌కు ఒకే తరహా టీ. ఇందులో నకిలీలు చాలా ఎక్కువ. కొనేముందు ముక్కు దగ్గర పెట్టుకోండి: రంగు, మైనం, రసాయనం ఏ వాసనా రాకూడదు. నీరు పోసి వంచితే ధార తిన్నగా, తెగకుండా పడాలి, ఆపగానే ముక్కు వెంట కారకూడదు. మూత మీది రంధ్రాన్ని వేలితో మూసి వంచితే ధార ఆగిపోవాలి. నీరు పోసి చూడనివ్వని చోట ఖరీదైనది కొనకండి. ఇంట్లో దాన్ని సబ్బుతో ఎప్పుడూ కడగవద్దు. వేడినీటితో కడిగి, మూత పక్కన పెట్టి, లోపల పూర్తిగా ఆరనివ్వండి.